అంత పెద్ద ఓడ ఎట్ల ఆగుతది అనే మాట మీద నా పంచాయితీ

సముద్రంల ఏదన్న యుద్ధనౌక ఇంకో ఓడను గుద్దిందని న్యూస్ వస్తే చాలు, మనోళ్లు ఫస్ట్ అనే మాట ఒకటే, "అంత పెద్ద ఓడ, దానికి బ్రేకులు ఉంటయా ఏమన్ననా, ఎట్ల ఆగుతది?" 2025 ఫిబ్రవరిల అమెరికా వాళ్ల ఎయిర్‌క్రాఫ్ట్ క్యారియర్ (విమానాలు మోసే యుద్ధనౌక) హ్యారీ ఎస్ ట్రూమన్ ఈజిప్టుల పోర్ట్ సయీద్ కాడ ఒక సరుకు ఓడను తాకింది కదా, అప్పుడు కూడ మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల ఇదే ముచ్చట, ఆగనీకి ఐదు కిలోమీటర్లు పడ్తదని ఒకరు, కాదు పది అని ఇంకొకరు, అంకెలు పెంచుకుంట పోయిన్రు. నాకు ఈ మాట మీద మస్తు కోపం. వినడానికి సైన్సు మాట్లాడినట్టే ఉంటది గాని అది చేసే పని తప్పును కప్పుడు. యుద్ధనౌకలు వాటి సైజుకు మనం అనుకున్నదానికంటె చాలా తొందరగ ఆగుతయ్. పేరున్న పెద్ద ప్రమాదాలు తీసి చూస్తే మనుషులను చంపింది ఓడ బరువు కాదు, ఆపుమనే ఆర్డర్ లేటుగ రావుడు. నా వాదన ఇదే, ఎందుకో జర వివరంగ చెప్త.

సముద్రం లేని జిల్లాల ఉన్నోళ్లకు ఇదంత ఎందుకని అడగొచ్చు. మాది నల్గొండ, సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు. మా చిన్నమ్మ కొడుకు ఇంటర్ అయినంక నేవీకి సెలెక్ట్ అయ్యి, ఒడిశాల ఐఎన్ఎస్ చిల్కల ట్రైనింగ్ చేసి, ఇప్పుడు ఓడల ఇంజన్ సైడ్ పనిచేస్తున్నడు. లీవుకు వచ్చినప్పుడు వానితోటి కూసుంటే ఇగ తెల్లారేదాక ఇవే ముచ్చట్లు. ఏ ఓడ, ఎక్కడ తిరిగింది, ఎంత స్పీడు పోయింది అనేవి వాడు చెప్పడు, నేను కూడ అడగ, అది వాని ఉద్యోగ ధర్మం. ప్రొపెల్లర్ ఎట్ల తిరుగుతది, నీళ్లు ఓడను ఎట్ల పట్టుకుంటయ్ అనేది మాత్రం ఏ పుస్తకంలనైనా ఉండేదే కాబట్టి దాని మీద ఎంతసేపైనా మాట్లాడుతడు. ఇంకోటి, నేవీకి మన దక్షిణ తెలంగాణకు సంబంధమే లేదనుకోవద్దు, వికారాబాద్ కాడ దామగుండం అడవిల నేవీ వాళ్ల వీఎల్ఎఫ్ రేడియో స్టేషన్‌కు 2024 అక్టోబర్‌ల శంకుస్థాపన అయింది, నీళ్లల్ల మునిగి తిరిగే సబ్‌మెరైన్లకు మెసేజ్‌లు పంపనీకి. ఆ అడవి పోవుడు మీద ఉన్న లొల్లి వేరే, దాని మీద ఇంకోసారి రాస్త.

సరే, ముందుగాల ఇంజన్ బంద్ చేసి ఊకుంటే ఏమైతదో చూద్దాం. రోడ్డు మీద బండికి టైరు ఉంటది, రోడ్డును పట్టుకుంటది. నీళ్లల్ల పట్టుకోనీకి ఏం లేదు, ఓడను ఆపేది నీళ్ల ఒరిపిడి, ఓడ లేపే అలలు, అంతే. ఈ అడ్డం స్పీడును బట్టి మారుతది, సుమారుగ స్పీడు స్క్వేర్ లెక్కన, అంటే స్పీడు సగానికి పడితే అడ్డం పావువంతుకు పడ్తది. దీంతోటి ఒక విచిత్రం జరుగుతది, నేను లెక్క వేసుకున్నప్పుడు నాకే నమ్మబుద్ధి కాలే. మన ఐఎన్ఎస్ విక్రాంత్‌ను తీసుకోండి, 2022 సెప్టెంబర్ 2 నాడు కొచ్చిల నేవీల చేరింది, 262 మీటర్ల పొడుగు, దగ్గర దగ్గర 45 వేల టన్నులు, 4 గ్యాస్ టర్బైన్లు కలిపి 88 మెగావాట్లు, ఫుల్ స్పీడు 28 నాట్స్, మన లెక్కల గంటకు 52 కిలోమీటర్లు. ఫుల్ స్పీడుల ఇంజన్ బలం తీసేస్తే 28 నుంచి 14 నాట్స్‌కు పడనీకి సుమారు 3 నిమిషాలు, ఆ టైంల పోయే దూరం 1.8 కిలోమీటర్లు. 14 నుంచి 7కు పడనీకి మళ్ల అంతే దూరం, కాని టైం డబల్, 6 నిమిషాలు. 7 నుంచి మూడున్నరకు పడనీకి మళ్ల అదే 1.8 కిలోమీటర్లు, ఈసారి 12 నిమిషాలు. ఇది నా చేతి లెక్క, నేవీ వాళ్లు ఇచ్చిన అంకె కాదు, కాని పద్ధతి మాత్రం ఇదే: స్పీడు సగమైన ప్రతిసారి దూరం అంతే పడ్తది, టైం మాత్రం రెట్టింపు అయితది. అంటే 20 నిమిషాలు దాటినా, ఐదు కిలోమీటర్లు పోయినా ఓడ ఇంక కదులుతనే ఉంటది. వాట్సాప్‌ల తిరిగే ఆ ఐదు పది కిలోమీటర్ల అంకెలు ఇట్ల ఊకె వదిలేసిన ఓడకే సరిపోతయ్. నిజంగ ఆపాలనుకున్నప్పుడు ఏ కెప్టెన్ కూడ ఇంజన్ బంద్ చేసి చేతులు కట్టుకొని కూసోడు.

బరువు లెక్క కూడ ఒకసారి చూద్దాం, భయం పోతది. విక్రాంత్ ఫుల్ స్పీడుల పోతుంటే దాంట్ల ఉన్న శక్తి, యూనిట్లల్ల చెప్పాలంటే, సుమారు 1,300 యూనిట్ల కరెంటు. మనూరి 5 హెచ్‌పీ బోరు మోటరు ఒక 350 గంటలు నడిస్తే ఎంత కాలుతదో అంత, ఒక్క రైతు ఒక్క పంటల ఇంతకంటె ఎక్కువే కాలుస్తడు. 88 మెగావాట్ల ఇంజన్లకు అంత శక్తి ఒక నిమిషం పని కూడ కాదు. కష్టం ఎక్కడంటే ఆ బలాన్ని నీళ్లల్లకు, అది కూడ ఎనకకు తోసే తీరుగ, ఎంత తొందరగ ఎక్కియ్యగలం అనేదాంట్ల.

ఇక్కడనే ఇంజన్ జాతి ముఖ్యం అయితది. పెద్ద సరుకు ఓడలల్ల, ఆయిల్ ట్యాంకర్లల్ల ఉండేది పెద్ద డీజిల్ ఇంజన్, అది నేరుగ ప్రొపెల్లర్‌ను తిప్పుతది, మధ్యల గేర్ ఉండదు. రివర్స్ కావాలంటే డీజిల్ బంద్ చేసి, ఇంజన్ తిరుగుడు తగ్గేదాక ఆగి, కంప్రెస్డ్ ఎయిర్ కొట్టి ఉల్టా స్టార్ట్ చెయ్యాలె. ఓడ స్పీడుల ఉన్నప్పుడు నీళ్లే ప్రొపెల్లర్‌ను ముందుకు తిప్పుతుంటయ్, అందుకే ఆ స్టార్ట్ వెంటనే పడదు. స్టీమ్ టర్బైన్ ఓడలల్ల, అంటే మన విక్రమాదిత్య, అమెరికా వాళ్ల నిమిట్జ్ రకం అణు క్యారియర్లు, ఇంకో తీరు. టర్బైన్‌ను ఉల్టా తిప్పలేరు కాబట్టి రివర్స్ కోసమే వేరే రెక్కల వరస పెడ్తరు, ముందుకు పోయే ఆవిరి వాల్వు మూసి దీనిది తెరుస్తరు. దీని బలం ముందుకు పోయేదానికంటె చాలా తక్కువ, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి వాడేదానికి ఫుల్ సైజు పెడితే మిగతా టైం అంత దండుగ బరువు. గ్యాస్ టర్బైన్ అసలే ఉల్టా తిరగదు, అందుకే అమెరికా వాళ్ల ఆర్లీ బర్క్ లాంటి డిస్ట్రాయర్లకు, అంటే క్యారియర్ కంటె చాలా చిన్న, చురుకైన యుద్ధనౌకలకు, ప్రొపెల్లర్ రెక్కలే తిరిగే ఏర్పాటు చేసిన్రు, ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు ఒకే దిక్కు తిరుగుతనే ఉంటది, ప్రొపెల్లర్ బొడ్డు లోపట ఆయిల్ ప్రెజర్ తోటి ఒక్కో రెక్క వాలు మారి నీళ్లను ఎనకకు తోసేది ముందుకు తోస్తది. మా తమ్ముడు దీని గురించి చెప్పేటప్పుడు అరచెయ్యి పెట్టి చూపిస్తడు, "అన్నా, చెయ్యి ఇట్ల కోసుకుంట పోతుంటది సూడు, గిట్ల మలిపితే గదే నీళ్లు ఎదురు తంతయ్, మోటరు తిరుగుడు మాత్రం ఆగదు". బ్రిటన్ వాళ్ల క్వీన్ ఎలిజబెత్ క్యారియర్‌ల ఇంకా సింపుల్, ప్రొపెల్లర్లను ఎలక్ట్రిక్ మోటర్లు తిప్పుతయ్, మోటరును ఉల్టా తిప్పితే అయిపాయె.

ఇప్పుడు బలం సంగతి. మూడు లక్షల టన్నుల ఆయిల్ మోసే ట్యాంకర్‌కు ఉండేది 25 నుంచి 30 మెగావాట్ల ఇంజన్. 9 వేల టన్నుల ఆర్లీ బర్క్ డిస్ట్రాయర్‌కు 75 మెగావాట్లు. ఈ రెండింటిని ఒకే గాటన కట్టి "పెద్ద ఓడ ఆగదు" అంటరు, అదెట్ల కుదుర్తది చెప్పండి. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2002 డిసెంబర్‌ల సరుకు ఓడలకు పెట్టిన రూల్ ఏందంటే ఫుల్ రివర్స్ కొడితే ఓడ తన పొడుగుకు 15 రెట్ల దూరంల ఆగాలె, మరీ భారీ ఓడలకైతే 20 రెట్ల వరకు సడలింపు. ఇది యుద్ధనౌకలకు పెట్టింది కాదు, అయినా పోల్చి చూడనీకి పనికొస్తది. విక్రాంత్ సైజుకు 15 రెట్లు అంటే దాదాపు 4 కిలోమీటర్లు. రివర్స్ బలం ముందు బలంల 40 శాతమే అనుకొని నేను లెక్క వేస్తే ఆ సైజు, ఆ పవర్ ఉన్న ఓడ ఫుల్ స్పీడు నుంచి ఒక 1.6 కిలోమీటర్లల్ల, ఐదు నిమిషాలల్ల నిలబడ్తది, ఇంజన్ మార్చే టైం కలుపుకున్నా రెండు కిలోమీటర్ల దగ్గర. డిస్ట్రాయర్ అయితే 20 నాట్స్ స్పీడు నుంచి మూడు నాలుగు వందల మీటర్లు, అటు ఇటు ఒక నిమిషం. మళ్ల చెప్తున్న, ఇవి సుమారు లెక్కలు, అసలు అంకెలు ఏ నేవీ బయట పెట్టదు, శత్రువు టార్పెడో వేసేటోనికి అదే కావాలె కదా. అయినా ఎంత పిరికిగ లెక్క వేసినా పది కిలోమీటర్లు రాదు, ఐదు కూడ రాదు.

రివర్స్‌తోటి ఒక చిక్కు ఉన్నది, దాన్ని కళ్లార చూడాలంటే నాగార్జునసాగర్ పొయ్యి నాగార్జునకొండ లాంచీ ఎక్కండి. కొండ కాడ ఒడ్డు దగ్గరికొచ్చినప్పుడు ఎనక సీట్ల కూసోండి, ముందట కాదు. డ్రైవర్ చాలా ముందుగాలనే ఇంజన్ తగ్గిస్తడు, లాంచీ జారుకుంట వస్తది, మెట్లు దగ్గర పడ్తుంటే ఒక్కసారి రివర్స్ వేస్తడు. అప్పుడు ఎనక నీళ్లు తెల్లగ మసిలి లాంచీ పక్కలకు ఎగజిమ్ముతయ్, నేల పలకలు అదురుతయ్, స్పీడు పడ్తది, కాని దాంతోపాటు లాంచీ ఎనక భాగం మెల్లగ ఒక పక్కకు గుంజుకపోతది. చుక్కాని ఎటు తిప్పినా ఆ కాసేపు వినదు. తాడు పట్టుకొని ముందట నిలబడ్డ పిలగాడు దానికి అలవాటు పడ్డోడు, ఏ పక్కకు తిరుగుతదో తెల్సు కాబట్టి ముందే ఆ పక్క నిలబడ్తడు, గోడకు వేలాడేసిన పాత టైర్లకు తగలంగనే దునుకుతడు. పెద్ద ఓడల జరిగేది కూడ అచ్చం ఇదే. చుక్కాని పని చేసేది దాని మీదికెల్లి నీళ్లు సాఫీగ పారినప్పుడు, ప్రొపెల్లర్ ఎదురు తోస్తుంటే ఆ పారుడు చెదిరిపోతది, ప్రొపెల్లర్ చుట్టు నీళ్లు రింగు తీరుగ సుడి తిరుగుతయ్, తోపుడు ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ అయితది, ఓడ ముక్కు ఎటు మళ్లుతదో ముందు చెప్పుడు కష్టం. ఆపుడు మొదలుపెట్టినమంటే తిప్పుడు చేతులకెల్లి పోయినట్టే.

అందుకే నడిసముద్రంల తెలిసిన కెప్టెన్ ఎక్కువ సార్లు ఆపడు, తిప్పుతడు. అదే 2002 రూల్స్‌ల చుక్కాని పూర్తిగ తిప్పితే ఓడ ముందుకు పోవాల్సిన దూరం తన పొడుగుకు నాలుగున్నర రెట్లు దాటొద్దని ఉన్నది, ఆపే దూరం 15 రెట్లు, తేడా చూడండి. గట్టిగ తిప్పితే ఆ తిరుగుట్లనే స్పీడు కూడ మస్తు పడిపోతది. లంగరు వేస్తే ఆగదా అని అడుగుతరు, స్పీడుల ఉన్నప్పుడు లంగరు వేస్తే గొలుసు తెగుతది లేకపోతే దాని బ్రేకు కాలిపోతది, అది నిలబడ్డ ఓడను నిలిపి ఉంచనీకి, పోయే ఓడను ఆపనీకి కాదు. 2024 మార్చి 26 నాడు అమెరికాల బాల్టిమోర్‌ల డాలీ అనే సరుకు ఓడ కరెంటు పొయ్యి బ్రిడ్జిని గుద్దినప్పుడు లంగరు వేసిన్రు, స్పీడు 7, 8 నాట్సే, అయినా ఆగలే, బ్రిడ్జి మీద పనిచేసే ఆరుగురు చనిపోయిన్రు. ఆగలేకపోవుడు అంటే అది, బలమే లేకుంట పోవుడు. యుద్ధనౌకల కేసులు అట్లాంటివి కావు.

1893 జూన్ 22 సంగతి తీసుకోండి. బ్రిటన్ మధ్యధరా నౌకాదళం ఇప్పటి లెబనాన్‌ల ఉన్న ట్రిపోలీ దగ్గర రెండు వరసలల్ల పోతున్నది, మధ్యల దూరం సుమారు 1,100 మీటర్లు. అడ్మిరల్ జార్జ్ ట్రయన్ రెండు వరసలను ఒకదాని దిక్కు ఒకటి లోపటికి మళ్లుమని ఆర్డర్ ఇచ్చిండు. ఆ ఓడలు మళ్లనీకి ఆ జాగ సరిపోదని చుట్టు ఉన్న ఆఫీసర్లల్ల చాలామందికి తెల్సు. ఎదురుంగ రెండో వరసల ముందున్న క్యాంపర్‌డౌన్ ఓడ ముక్కు వస్తుంటే అడ్మిరల్ ఎక్కిన విక్టోరియా ఓడ కెప్టెన్ బోర్క్ పక్కనే ఉన్న అడ్మిరల్‌ను ఇంజన్లు రివర్స్ చెయ్యనీకి పర్మిషన్ అడిగిండు, ఒకసారి కాదు, మూడుసార్లు అడిగిండు. పర్మిషన్ వచ్చేసరికి టైం అయిపోయింది. ఓడ మునిగింది, 358 మంది పోయిన్రు, ట్రయన్ కూడ పోయిండు. అక్కడ ఇంజన్లు ఉన్నయ్, రివర్స్ ఉన్నది, ఆపాలన్న ఆలోచన కూడ కెప్టెన్ మెదట్ల ఉన్నది. నోట్లెకెల్లి రాలే అంతే. ఈ సంగతి చదివినప్పుడల్ల నాకు కడుపుల తిప్పినట్టయితది, ఎందుకంటే పెద్దసారు ముంగట నోరు విప్పలేని ఆ పరిస్థితి మన ఆఫీసులల్ల కూడ చూస్తనే ఉన్నం.

దాదాపు నూటా ఇరవై నాలుగేండ్లు దాటి 2017 జూన్ 17కు రండి. జపాన్ దగ్గర అమెరికా డిస్ట్రాయర్ ఫిట్జ్‌జెరాల్డ్, ఏసీఎక్స్ క్రిస్టల్ అనే కంటైనర్ ఓడ గుద్దుకున్నయ్, రాత్రి ఒకటిన్నర. డిస్ట్రాయర్ స్పీడు 20 నాట్స్ దగ్గర. ఏడుగురు సెయిలర్లు, చాలామంది నిద్రల ఉన్నోళ్లే, నీళ్లు నిండిన గదులల్ల చనిపోయిన్రు. అమెరికా నేవీనే రిపోర్టుల రాసింది, ఇది తప్పించగలిగిన ప్రమాదం అని. డ్యూటీల ఉన్న ఆఫీసర్ కెప్టెన్‌ను లేపలే, హారన్ కొట్టలే, స్పీడు తగ్గించలే, ఆఖరి నిమిషంల ఫస్ట్ కుడికి అని, మళ్ల మార్చి స్పీడు పెంచి ఎడమకు అని ఆర్డర్ ఇచ్చిన్రు. నిమిషం చాలు ఆగనీకి అని నేను పైన లెక్క వేసిన ఓడ ఈ రకందే. ఐదు నిమిషాల ముందు స్పీడు సగం చేసి ఉంటే ఆ కంటైనర్ ఓడ దాని తొవ్వన అది ముందట నుంచి పొయ్యేది. ఇక్కడ టన్నుల గురించి మాట్లాడేటోళ్లకు నేను ఏం చెప్పాలె?

రెండు నెలలకే, ఆగస్టు 21 తెల్లారుజామున, సింగపూర్ దగ్గర ఇంకో డిస్ట్రాయర్ జాన్ ఎస్ మెకెయిన్. ఇది ఇంకా బాధ అనిపిస్తది, ఇక్కడ స్పీడు తగ్గియ్యమనే ఆర్డర్ వచ్చింది, కాని చేతులు సరిగ్గ పని చెయ్యలే. చుక్కాని పట్టిన సెయిలర్ కష్టపడ్తున్నడని కెప్టెన్ చుక్కాని ఒకరికి, స్పీడు ఇంకొకరికి పంచుమన్నడు. టచ్ స్క్రీన్ల మీద మార్చేటప్పుడు స్టీరింగ్ తెల్వకుంటనే పక్క సీటుకు పోయింది, చుక్కాని పోయిందని కేక వేసిన్రు, కెప్టెన్ స్పీడు తగ్గియ్యమన్నడు. రెండు షాఫ్టుల కంట్రోల్ జత కలిసి లేదు, ఆ సంగతి ఎవరు చూడలే, ఎడమ షాఫ్టు ఒక్కటే తగ్గింది, కుడిది అదే స్పీడుల తిరుగుతున్నది. ఒక పక్క లాగి ఒక పక్క తోస్తే ఏమైతది, ఓడ ఎడమకు మళ్లి అల్నిక్ అనే ట్యాంకర్ ముందటికి పోయింది. పది మంది పోయిన్రు. సుమారు మూడు నిమిషాలల్ల అంత అయిపోయింది.

క్యారియర్ల విషయంల మాత్రం నా వాదనకు ఎదురు మాట ఒకటి ఉన్నది, అది గట్టిదే. విమానాలు లేస్తున్నప్పుడు, దిగుతున్నప్పుడు క్యారియర్ గాలికి ఎదురుగ స్పీడుల పోవాలె, అప్పుడు తగ్గిస్తే దిగే పైలట్ ప్రాణం మీదికి వస్తది. అందుకే సముద్రం రూల్స్‌ల కూడ ఆ టైంల మిగతా ఓడలే పక్కకు జరగాలని ఉన్నది. కరెక్టే, కాని దాని అర్థం బాధ్యత ఎవరికి లేదని కాదు, చుట్టు ఉన్న చిన్న ఓడల మీద పడ్తదని. 1964 ఫిబ్రవరి 10 నాడు ఆస్ట్రేలియా క్యారియర్ మెల్‌బోర్న్ ముందటికి వాయేజర్ అనే డిస్ట్రాయర్ మళ్లింది, రెండు ముక్కలైంది, 82 మంది. క్యారియర్ ఫుల్ రివర్స్ కొట్టింది, అప్పటికి ఆఖరి క్షణాలు. 1969 జూన్ 3 నాడు అదే మెల్‌బోర్న్ ముందటికి అమెరికా డిస్ట్రాయర్ ఫ్రాంక్ ఇ ఎవాన్స్ వచ్చింది, అది కూడ రెండు ముక్కలే, 74 మంది. ఎవాన్స్ కెప్టెన్ అప్పుడు నిద్రల ఉన్నడు. మెల్‌బోర్న్ కెప్టెన్ మీద కోర్ట్ మార్షల్ పెట్టిన్రు, ఆయన తప్పు లేదని తేలింది. రెండుసార్లు కూడ క్యారియర్ ఆగే దూరం మాట్లాడాల్సిన విషయమే కాదు, ఆగాల్సింది, తప్పుకోవాల్సింది దాని ముందటికి వచ్చిన చురుకైన చిన్న ఓడ.

సముద్రంల ఓడలు గుద్దుకోకుంట 1972ల చేసిన అంతర్జాతీయ రూల్స్‌ల ఆరో రూల్, ప్రతి ఓడ పరిస్థితికి తగ్గ దూరంల ఆగగలిగే స్పీడుల మాత్రమే పోవాలని చెప్తది, ఆ స్పీడు ఎంతో తేల్చుకునేటప్పుడు నీ ఓడ ఆగే దూరం ఎంతో లెక్కల పెట్టుకోమని కూడ చెప్తది. ఎనిమిదో రూల్ ఇంకా సాఫ్‌గ, ఆలోచించనీకి టైం కావాలంటే స్పీడు తగ్గియ్, అవసరమైతే ఇంజన్లు రివర్స్ చేసి నిలబడు అంటది. అంటే పెద్ద ఓడ లేటుగ ఆగుతది అనేది సాకు కాదు, ముందుగాల మొదలుపెట్టనీకి కారణం. మా తమ్మునితోటి ఇదే అంటే వాడు ఒక మాట అన్నడు, "అన్నా, స్పీడు తగ్గిస్తే ఎవరు తిట్టరు అనే నమ్మకం డ్యూటీల ఉన్నోనికి ఉండాలె, లేకపోతే వాడు ఇంకొక నిమిషం చూద్దాం అంటడు". ఆ ఇంకొక నిమిషంల 20 నాట్స్ ఓడ 600 మీటర్లు పోతది.

2017 తర్వాత అమెరికా నేవీ ఏం మార్చిందో చూస్తే చాలు. రద్దీ ఉన్న సముద్రంల తమ ఓడ ఎక్కడున్నదో అందరికి కనబడేటట్టు సిగ్నల్ ఇయ్యమన్నరు, డ్యూటీలు నిద్రకు తగ్గట్టు సర్దుమన్నరు, 2019ల డిస్ట్రాయర్లల్ల స్పీడు కంట్రోల్‌కు టచ్ స్క్రీన్ తీసేసి చేతితోటి పట్టుకొని నెట్టే లీవర్లు మళ్ల పెడ్తమన్నరు. వీటిల ఒక్కటి కూడ ఓడ బరువు తగ్గించేది కాదు, ప్రొపెల్లర్ మార్చేది కాదు.